అమ్మమ్మ చీరల రంగులు, నాలుగు రకాల ఫైళ్లు

చెల్లి ఐప్యాడ్ మీద ప్రోక్రియేట్‌లో బొమ్మలు వేస్తుంది, నేను లాప్‌టాప్ మీద క్రీటా, ఇంక్‌స్కేప్ అనే బొమ్మల ప్రోగ్రాములు వాడతాను. పోయిన వేసవిలో ఊరెళ్లినప్పుడు అది అమ్మమ్మ బీరువాలో చీరలన్నీ తీసి, వరండాలో నీడపట్టున పరిచి ఫొటోలు తీసి, వాటిల్లోంచి ఒక్కో రంగూ ఏరి 24 రంగుల పాలెట్, అంటే రంగుల పట్టిక, తయారు చేసుకుంది. పేర్లు మాత్రం నోటుపుస్తకంలో రాసుకుంది. నెమలికంఠం, చిలకపచ్చ, కనకాంబరం, ఉల్లిపొర, వంకాయ రంగు, పసుపు, ఇలా అన్నీ అమ్మ చెప్పిన పేర్లే. పిన్ని కూతురి పెళ్లికార్డు ఇద్దరం కలిసి వెయ్యాలి కాబట్టి "అన్నయ్యా, ఈ రంగులు పేర్లతో సహా నీ దాంట్లోకి కూడా వచ్చేలా ఏదైనా కోడ్ రాయవా" అంది. ఒక సాయంత్రం పని అనుకున్నాను, మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో తెలిసింది ఇక్కడ రాస్తున్నాను, తెలుగులో దీని గురించి నాకు ఎక్కడా దొరకలేదు కాబట్టి.

ప్రోక్రియేట్ ఇచ్చే స్వాచెస్ ఫైల్ చూడ్డానికి ఏదో ప్రత్యేకమైన ఫైల్‌లా ఉంటుంది గానీ అది మామూలు జిప్ ఫైలే. నేను కోడ్ రాసే భాష పైథాన్, దాంట్లో జిప్‌ఫైల్ మాడ్యూల్‌తో తెరిస్తే లోపల ఒక జేసన్ ఫైల్, అంటే పేర్లూ విలువలూ రాసి ఉండే టెక్స్ట్ ఫైల్, కనిపిస్తుంది. అందులో ఒక్కో రంగుకీ హ్యూ (ఏ రంగు), సాచురేషన్ (ఎంత చిక్కన), బ్రైట్‌నెస్ (ఎంత వెలుగు) 0 నుంచి 1 మధ్య దశాంశాలుగా ఉంటాయి. పాలెట్‌లో 30 గళ్లు, ఖాళీగా ఉన్న గడికి నల్, అంటే ఏమీ లేదు అనే గుర్తు, ఉంటుంది, దాన్ని దాటెయ్యకపోతే కోడ్ అక్కడే ఆగిపోతుంది. ఈ మూడు అంకెల్నీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం కిందికి మార్చడానికి పైథాన్‌తో పాటే వచ్చే కలర్‌సిస్ మాడ్యూల్ చాలు. ఇంతవరకూ గంటలో అయిపోయింది, అందుకే మిగతాదంతా ఇంతే అనుకున్నాను.

నా వైపు గింప్ అనే బొమ్మల ప్రోగ్రాం వాళ్ల జీపీఎల్ ఫైల్ ఎంచుకున్నాను. ఈ ఫార్మాట్ అంటే నాకు నిజంగా ప్రేమ. ఇది ఒట్టి టెక్స్ట్ ఫైల్, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. మొదటి లైన్‌లో ఇది గింప్ పాలెట్ అని ఇంగ్లిష్‌లో ఉంటుంది, తర్వాత పాలెట్ పేరు, ఎన్ని నిలువు వరసల్లో చూపించాలో, అక్కణ్ణుంచి లైనుకో రంగు, ముందు దాని ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు 0 నుంచి 255 వరకు. ఇలా:

0 98 110 నెమలికంఠం
240 120 60 కనకాంబరం
84 40 92 వంకాయ రంగు

మూడంకెల తర్వాత లైన్‌లో మిగిలిందంతా పేరే. వంకాయ రంగు లాంటి రెండు మాటల పేర్లుంటాయి కాబట్టి, లైన్‌ని ఖాళీల దగ్గర ముక్కలు చేసేటప్పుడు మూడుసార్లు మాత్రమే కొయ్యమని స్ప్లిట్‌కి చెప్పాలి. గింప్, ఇంక్‌స్కేప్, క్రీటా, ఎస్‌ప్రైట్ అన్నీ దీన్ని చదువుతాయి, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో పెడితే ఏ రంగు ఎప్పుడు మారిందో కూడా తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. విండోస్‌లో పైథాన్‌తో ఫైల్ రాస్తుంటే ఎన్‌కోడింగ్, అంటే అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి, యూటీఎఫ్-8 అని మనమే చెప్పాలి, లేదంటే మొదటి తెలుగు అక్షరం దగ్గరే ఎర్రర్ కొడుతుంది.

ఇక అసలు కష్టం ఇటునుంచి అటు పంపడంలో వచ్చింది. ప్రోక్రియేట్ అడోబీ వాళ్ల ఏఎస్‌ఈ, ఏసీఓ ఫైళ్లు తీసుకుంటుంది. ఇవి బైనరీ ఫైళ్లు, మామూలుగా తెరిస్తే కంటికేమీ అర్థం కాదు. అంకెల్లో పెద్ద బైట్ ముందుంటుంది, అంటే బిగ్ ఎండియన్, కాబట్టి అంకెల్ని బైట్లుగా మార్చే స్ట్రక్ట్ మాడ్యూల్‌లో ముందు > గుర్తు పెట్టడం మర్చిపోతే 1 కాస్తా 256 అయి కూర్చుంటుంది.

ఏఎస్‌ఈలో ఒక్కో రంగూ ఒక బ్లాక్. ముందు బ్లాక్ రకం, తర్వాత దాని పొడవు, తర్వాత పేరు, తర్వాత అది ఆర్‌జీబీనా (తెర మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం) సీఎంవైకేనా (అచ్చు వేసే నాలుగు ఇంకులు) అని నాలుగక్షరాల్లో, తర్వాత విలువలు ఫ్లోట్‌లుగా, అంటే దశాంశాలుగా. పేరు యూటీఎఫ్-16లో ఉండాలి, పేరుకి ముందు దాని పొడవు ఉండాలి. నేను ఇరుక్కుపోయింది ఈ పొడవు దగ్గరే. పసుపు అనే మాట పొడవెంత? నోటితో అంటే ప, సు, పు, మూడక్షరాలు. ప్రతి అక్షరానికీ, గుర్తుకీ ఒక అంకె ఇచ్చే యూనికోడ్‌కి ప, స, ఉకారపు కొమ్ము, మళ్లీ ప, మళ్లీ కొమ్ము, మొత్తం 5. యూటీఎఫ్-16లో బైట్లు లెక్కపెడితే 10. ఫైల్‌లో రాయాల్సింది ఈ మూడూ కాదు, 6. ఎందుకంటే చివర్లో వచ్చే సున్నాని కూడా కలుపుకోవాలి. నేను మొదట 10 రాశాను, ఫైల్ తెరుచుకోనే లేదు. తర్వాత 5 రాశాను, అప్పుడు మొదటి పేరు తర్వాత అంతా రెండు బైట్లు పక్కకి జరిగి రంగులన్నీ చెత్తగా వచ్చాయి. ఆఖరికి బైట్లన్నీ మామూలు అంకెల్లో ప్రింట్ చేసుకుని చూశాను:

0 6 12 42 12 56 12 65 12 42 12 65 0 0

ముందు 0 6 అంటే పొడవు. చివర 0 0 అంటే ముగింపు. మధ్యలో ప్రతి జతా 12తో మొదలవుతోంది చూడండి, తెలుగు అక్షరాలన్నిటికీ యూనికోడ్‌లో ఆ ఇల్లే. 42 ప, 56 స, 65 కొమ్ము. ఆ వరస స్క్రీన్ మీద చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు, అమ్మ నోటి మాట అచ్చంగా ఆ ఫైల్ లోపల కనబడుతోంది మరి. ఆర్‌జీబీ అయితే ఈ బ్లాక్ మొత్తం పొడవు 32 బైట్లు. పేరుని బట్టి ఇది మారుతుంది కాబట్టి లోపలిదంతా ముందు తయారు చేసుకుని, కొలిచి, ఆ తర్వాతే పొడవు రాయాలి.

ఏసీఓలో ఇంకో సంగతుంది. ఫైల్‌లో మొదట వెర్షన్ 1 ఉంటుంది, దాంట్లో పేర్లకి చోటే లేదు, రంగుకి పది బైట్లు, అంతే. దాని వెనకే అవే రంగులు పేర్లతో వెర్షన్ 2గా మళ్లీ వస్తాయి. చాలామంది కోడ్‌లో మొదటి భాగం చదివి ఆపేస్తారు, పేర్లు పోయేది అక్కడే. మొదటిది అయ్యాక ఫైల్‌లో ఇంకా బైట్లు మిగిలాయేమో చూసి, ఉంటే రెండోదే తీసుకోండి. సీఎంవైకే రంగులైతే లెక్క తిరగేసి ఉంటుంది, 0 అంటే పూర్తి ఇంకు, 65535 అంటే అసలు ఇంకు లేదు. ఏసీటీ అని ఇంకోటుంది, అందులో 256 రంగులు, 768 బైట్లు, పేర్లు లేవు. దాన్ని నేను పట్టించుకోలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టిన తప్పు మాత్రం ఒక చిన్న గుణకారం. మొదట నేను పంపింది ఏసీఓ. మన 0 నుంచి 255 విలువ దాంట్లో 0 నుంచి 65535కి పెరగాలి. 256తో గుణించాను, ఒక బైట్ పక్కకి జరిపితే సరిపోతుంది కదా అని. కానీ 255ని 256తో గుణిస్తే 65280 వస్తుంది, పూర్తి తెలుపు 65535 అవ్వాలంటే గుణించాల్సింది 257తో. పైగా తిరిగి చదివేటప్పుడు దశాంశాన్ని సరిదిద్దకుండా ఇంట్‌తో కోసేశాను. ఈ రెండూ కలిసి, పాలెట్ ఒకసారి వెళ్లొస్తే 0 తప్ప ప్రతి విలువలోనూ 1 తగ్గిపోతోంది. ఒకసారికి ఎవరికీ తెలీదు. మేం ఆ నెలలో ఏడుసార్లు అటూ ఇటూ పంపుకున్నాం. కార్డు దాదాపు అయిపోయాక చెల్లి ఫోన్ చేసి "తెల్లది తెల్లగా లేదు అన్నయ్యా, పాత బట్టలా ఉంది" అంది. చూస్తే 255 ఉండాల్సిన చోట 248. ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను, అప్పటికే సగం బొమ్మలు ఆ రంగులతో వేసేశాం, మళ్లీ కూర్చుని అన్నీ మార్చాం. ఇప్పుడు 257, రౌండ్, ఇంకా 0 నుంచి 255 వరకు ప్రతి విలువనీ వందసార్లు రాసి చదివి అదే వచ్చిందో లేదో చూసే టెస్ట్, ఈ మూడూ లేకుండా ఆ స్క్రిప్ట్ నడవదు.

ఆ దెబ్బతో పద్ధతి కూడా మార్చాను. రంగులు ఇప్పుడు ఒక్క జీపీఎల్ ఫైల్‌లోనే ఉంటాయి, మార్పు ఏదైనా అక్కడే. ఏఎస్‌ఈ, ఏసీఓ, స్వాచెస్ ఫైళ్లు దాన్నుంచి పుడతాయి, వాటిల్లోంచి వెనక్కి ఏదీ చదవను. చెల్లి కొత్త రంగు కలిపితే అంకెలు, పేరు మెసేజ్ పెడుతుంది, నేను ఒక లైన్ చేరుస్తాను.

మొన్న ఆదివారం అమ్మకి ఇంక్‌స్కేప్‌లో పాలెట్ చూపించాను. మౌస్ ఒక్కో గడి మీదికి తీసుకెళ్తుంటే పేర్లు తెలుగులో వస్తున్నాయి, అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఒక్కోటీ చదివింది. ఒక ఎరుపు దగ్గర ఆపి "ఇది కుంకుమ అని రాశావేంట్రా, కుంకుమ ఇంత మెరవదు, ఇది దొండపండు, మీ అమ్మమ్మ కూడా అలాగే అనేది" అంది. ఫైల్ తెరిచి ఆ ఒక్క మాట మార్చి, స్క్రిప్ట్ నడిపి, కొత్త ఏఎస్‌ఈని చెల్లికి పంపాను.