ఎదురెండలో నిలబడిన ముఖాలు

ఈసారి కొండల యాత్రకు బయలుదేరేటప్పుడు నాకు ఒక పట్టుదల ఉంది. ఫొటోల్లో కొండలు ఎలా వచ్చినా సరే, మనుషుల ముఖాలు బాగా కనిపించాలి. మా ఇంటి ఆల్బమ్ ఏది తిరగేసినా ఒకటే లోటు. వెనుక ఆకాశం అద్భుతంగా ఉంటుంది, దాని ముందు నిలబడినవాళ్లు బొగ్గుతో గీసిన ఆకారాల్లా ఉంటారు. అందుకని కెమెరాలో ఫేస్ డిటెక్షన్, అంటే ముఖాన్ని తానే పసిగట్టే సదుపాయం, ఆన్ చేశాను. ఫోకస్‌కే కాకుండా ఎక్స్‌పోజర్ (ఫొటోకు ఎంత వెలుగు తీసుకోవాలన్న) లెక్కకు కూడా ముఖాన్నే ఆధారంగా తీసుకునేలా మెనూలో అమర్చుకున్నాను. కొన్ని కెమెరాల్లో ఇవి రెండూ వేరువేరు అమరికలు. కెమెరా తెరలో ముఖం చుట్టూ చిన్న గడి కనిపిస్తోంది కదా అని రెండోదాన్ని చూడకుండా వదిలేస్తే ముఖం స్పష్టంగా వస్తుంది కానీ నల్లగానే ఉండిపోతుంది.

నాతో పెద్దమ్మ, అక్క, అక్క కూతురు వచ్చారు. పెద్దమ్మది నల్లని ఛాయ, అక్కది చామనఛాయ, పాప బాగా తెలుపు. ముగ్గురినీ ఒకే ఫ్రేములో చక్కగా చూపించడం ఎంత కష్టమో ఈ యాత్రలోనే పూర్తిగా తెలిసింది.

మొదటి మజిలీ సరస్సు. ఉదయపు సూర్యుడు నీటికి అవతల ఉన్నాడు, వీళ్లు ఇవతల గట్టు మీద నాకు ఎదురుగా నిలబడ్డారు. మీటరింగ్‌కు, అంటే కెమెరా వెలుగును కొలిచే పనికి, ఇంతకంటే గడ్డు పరీక్ష లేదు. కెమెరా లోపలి మీటరుకు తన ముందున్నది మనిషో నీరో తెలియదు. ఏది చూసినా దాన్ని మధ్యస్థంగా ఉండే బూడిద రంగుకు చేర్చాలని చూస్తుంది. ఆ బూడిద రంగు తన మీద పడిన వెలుగులో సుమారు 18 శాతాన్ని తిరిగి పంపుతుందని ఫొటోగ్రఫీలో చాలాకాలంగా ఒక లెక్క. ఫ్రేము నిండా మెరిసే నీరూ ఆకాశమూ ఉంటే మీటరు వెలుగును బాగా తగ్గిస్తుంది, ఆ దెబ్బ ముఖాల మీద పడుతుంది. ముఖాన్ని పసిగట్టే సదుపాయం ఉన్నప్పుడు కెమెరా ఆ గడి లోపలి వెలుగుకు ఎక్కువ విలువ ఇస్తుంది. వెలుగును లోపలికి వదిలే షట్టర్ మరికాసేపు తెరిచి ఉంటుంది, ముఖాలు తేటపడతాయి.

తేటపడ్డాయి కూడా. కానీ నీటి మీది తళుకంతా ఉత్త తెలుపైపోయింది. నీడలో ఉన్న ముఖానికీ సూర్యుడు పడిన నీటికీ మధ్య తేడాను ఒక్క ఫొటోలో పట్టుకునే శక్తి కెమెరాలో వెలుగును అందుకునే సెన్సరుకు లేదు, ఏదో ఒకటి వదులుకోవాలి. నేనైతే నీటినే వదులుకుంటాను. రెండూ కావాలనుకున్నప్పుడు ఫ్లాష్ వాడాను. ఎండలో ఫ్లాష్ ఎందుకని అక్క ఆశ్చర్యపోయింది కానీ దాని అసలు ఉపయోగం ఇక్కడే. నేపథ్యానికి తగినట్టు ఎక్స్‌పోజర్ పెట్టి, ముఖాల్లోని నీడను ఫ్లాష్‌తో నింపాలి. అయితే మనిషి దగ్గరగా ఉండాలి. దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. గట్టు చివర ఉన్నవాళ్లను నా వైపు నడిచి రమ్మన్నాను, అప్పుడే పని జరిగింది.

పైకి వెళ్లే బస్సు చాలాసేపు పట్టింది. కెమెరాకు మన ముఖం ఎలా తెలుస్తుందని పాప దారి పొడుగునా అడుగుతూనే ఉంది. నాకు ఎంతో ఇష్టమైన విషయం కాబట్టి తీరిగ్గా చెప్పాను. ఏ ముఖమైనా, ఏ రంగుదైనా, కళ్లున్న అడ్డపట్టీ దాని కిందున్న చెంపల కంటే ముదురుగా ఉంటుంది. రెండు కళ్ల మధ్య ముక్కు దూలం కళ్ల కంటే వెలుగుగా ఉంటుంది. 2001లో పాల్ వయోలా, మైకేల్ జోన్స్ అనే కంప్యూటర్ పరిశోధకులు ఇలాంటి ముదురు, లేత తేడాలనే ఆధారం చేసుకుని ఒక పద్ధతి ప్రచురించారు. 24 పిక్సెళ్ల పొడవు, 24 పిక్సెళ్ల వెడల్పు ఉన్న చిన్న కిటికీని బొమ్మంతటా రకరకాల పరిమాణాల్లో జరుపుతూ పోతారు. ముఖం కాని చోట్లను ఒకటి రెండు సులువైన పరీక్షలతోనే తోసిపుచ్చుతారు, కష్టమైన పరీక్షలు మిగిలినవాటికే. ఈ పొదుపు వల్లనే ఆ కాలపు 700 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ మీద సెకనుకు 15 బొమ్మలను పరిశీలించగలిగారు. చిన్న కెమెరాలోకి ఈ విద్య దిగడానికి దారి వేసింది ఇలాంటి వేగమే. 2005లో నికాన్ తన చిన్న కెమెరాల్లో ముఖం మీద ఫోకస్ చేసే సదుపాయం తెచ్చింది. 2006లో ఫుజిఫిల్మ్ ఫోకస్‌తో పాటు ఎక్స్‌పోజర్‌ను కూడా ముఖానికి అనుగుణంగా సరిచేసే కెమెరాలు తెచ్చింది. ఇప్పటి కెమెరాలు ఎన్నో ఉదాహరణల నుంచి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్కులతో పక్కకు తిరిగిన ముఖాన్నీ, ఒక్క కంటినీ కూడా పట్టుకుంటున్నాయి.

"అయితే కళ్లు మూసుకుంటే కనిపించనా?" అంది పాప. కనిపిస్తావు, కళ్ల గుంటల నీడ ఉంటుందిగా అన్నాను. తర్వాత గంటసేపు రకరకాలుగా ముఖం పెట్టి పరీక్షిస్తూనే ఉంది.

కనుమ దగ్గర మంచు. మామూలు మీటరు మంచును కూడా బూడిద రంగుకు లాగుతుంది, దానితో పాటు మనుషులూ చీకటి పడతారు. ఇలాంటి చోట ఎక్స్‌పోజర్‌ను ఒకటి రెండు స్టాపులు పెంచడం పాత వైద్యం. ఒక స్టాప్ పెంచడమంటే వెలుగును రెట్టింపు చేయడం. ముఖం దొరికినంతసేపు కెమెరా ఆ పని తానే చేసుకుంది. అయితే టోపీ కనుబొమల దాకా దిగి, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాక గడి వస్తూ పోతూ ఉంది. గడి ఉన్నప్పుడు తీసిన ఫొటో వెలుగుగా, లేనప్పుడు తీసింది చీకటిగా! ఒకే చోట, ఒకే క్షణంలో తీసినవని ఎవరూ నమ్మరు. కళ్లద్దాలు తీయించి, గడి నిలిచాక వచ్చిన షట్టర్ వేగం, అపర్చర్ (లెన్స్ ఎంత తెరుచుకుందో), ఐఎస్ఓ (సెన్సరు వెలుగుకు ఎంత స్పందిస్తుందో) అంకెలు చూసుకుని, కెమెరాను మనమే అంకెలు పెట్టుకునే మాన్యువల్‌కు మార్చాను. వెలుగు మారనంతవరకు ఆ అంకెలే సరిపోతాయి. వాళ్లు మళ్లీ కళ్లద్దాలు పెట్టుకున్నా ముఖాలు చెదరలేదు.

అక్కడే పెద్దమ్మ తన ఫొటో చూసి మొహం చిట్లించింది. "ఇది నేను కాదమ్మా. ఎవరో సున్నం పూసినట్టుంది."

ఆమె మాట నూటికి నూరుపాళ్లు నిజం. గడిలో ఎవరి ముఖం ఉన్నా కెమెరా దాన్ని తనకు తెలిసిన ఒక వెలుగు స్థాయికి లాగుతుంది. పెద్దమ్మ ముఖాన్ని ఆ స్థాయికి ఎత్తితే ఆ నలుపులోని నిగారింపు, గెడ్డం దగ్గరి నునుపైన నీడ అన్నీ పోయి వెలవెలబోతుంది. పాప ముఖాన్ని అదే స్థాయికి దించితే మసకబారుతుంది. నల్లని చర్మం దిద్దాల్సిన లోపం కాదు, దాన్ని దాని నలుపుతోనే అందంగా చూపించడం ఫొటో తీసేవాళ్ల బాధ్యత. ఈ అన్యాయం పాతదే. ఫిల్మ్ రోజుల్లో ప్రింటింగ్ ల్యాబులు రంగులు సరిచూసుకోవడానికి వాడిన కొడాక్ షర్లీ కార్డుల మీద దశాబ్దాల పాటు తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. 2018లో జాయ్ బూలమ్‌వీని, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకులు ముఖాన్ని చూసి ఆడో మగో చెప్పే వాణిజ్య ప్రోగ్రాములను పరీక్షించారు. నల్లని ఛాయ ఉన్న స్త్రీల విషయంలో పొరపాట్లు 34.7 శాతం దాకా వెళ్లాయి. తెల్లని ఛాయ ఉన్న పురుషుల విషయంలో 0.8 శాతం దాటలేదు. అది ముఖాన్ని కనిపెట్టే పని కాదు, వేరే పని. అయినా ఏ ముఖాలతో నేర్పారో ఆ ముఖాలనే యంత్రం బాగా చూస్తుందన్న సంగతి రెండింటికీ వర్తిస్తుంది. 2021లో గూగుల్ తన పిక్సెల్ 6 ఫోన్లలో రియల్ టోన్ పేరుతో అన్ని ఛాయలనూ ఉన్నవి ఉన్నట్టు చూపించే ప్రయత్నం మొదలుపెట్టింది. ఇంత ఆలస్యమెందుకైందని నాకు కోపం వస్తుంది.

పెద్దమ్మ ఒంటరి ఫొటోలకు ఎక్స్‌పోజర్‌ను స్టాప్‌లో మూడింట రెండు వంతులు తగ్గించాను. ముగ్గురూ కలిసినప్పుడు ఈ ఉపాయం పనిచేయదు, ఒకరికి సరిపోయింది మరొకరికి సరిపోదు. అప్పుడు మనుషులనే మార్చి నిలబెట్టాలి. పెద్దమ్మను వెలుగు వచ్చే వైపు, పాపను దూరంగా, అక్కను మధ్యలో ఉంచాను. పాప ముఖం మీద వెలుగు కాస్త తగ్గి, పెద్దమ్మ ముఖం మీద పెరిగింది. ముగ్గురి ఛాయలూ ఎవరివి వారికి నిలిచాయి. యాత్ర మొత్తంలో నాకు ఎక్కువ తృప్తినిచ్చినవి ఈ ఫొటోలే.

దిగేటప్పుడు ఒక గుహ చూశాం. లోపల గోడ మీది రెండు గుంటల్లో నీడ చేరి, మధ్యలో రాయి ఉబ్బి ఉంది. కెమెరా దాని మీద గడి పెట్టింది. "పిన్నీ, రాయికి కూడా ముఖం ఉంది!" అని పాప కేకలు వేసింది. దాని పక్కనే ఉన్న అక్క ముఖాన్ని మాత్రం కెమెరా పట్టుకోలేదు. గుహ నోటి నుంచి వచ్చే వెలుగు ఒక చెంప మీదే పడుతోంది, రెండో సగం చీకట్లో కలిసిపోయింది. ముఖాన్ని గుహ నోటి వైపు తిప్పమనగానే గడి అక్క మీదకు వచ్చేసింది. వెలుగు అందని ముఖాన్ని కనిపెట్టడం యంత్రానికీ కష్టమే, దాని సాయం మనకు బాగా అవసరమయ్యేది కూడా అప్పుడే.

సాయంత్రం శిఖరం అంచున అక్క తన నీడబొమ్మ కావాలంది. అప్పుడు ఫేస్ డిటెక్షన్ ఆఫ్ చేశాను. లేకపోతే కెమెరా ఆమె ముఖాన్ని వెలిగించబోయి ఎర్రని ఆకాశాన్ని పాలిపోగొట్టేది.

సూర్యుడు దిగాక మాత్రం దాన్ని మళ్లీ ఆన్ చేశాను. కాసేపు ఆకాశపు వెలుగూ ముఖాల మీది వెలుగూ దాదాపు సమానమవుతాయి. అప్పుడు ముఖాన్ని బట్టి లెక్కకట్టినా దృశ్యాన్ని బట్టి లెక్కకట్టినా ఎక్స్‌పోజర్ దగ్గరదగ్గరగానే వస్తుంది, ఫ్లాష్ అక్కర్లేదు. ఎక్కువ ఫొటోలు ఆ కాస్త సమయంలోనే తీశాను. పాప ఒకచోట నిలబడదు కాబట్టి షట్టర్ వేగం సెకనులో 125వ వంతు కంటే తగ్గకుండా చూసుకుని, ఐఎస్ఓను పెరగనిచ్చాను. చుక్కలు చుక్కలుగా కొంత నలుసు వచ్చింది, నాకు అభ్యంతరం లేదు.