టేకు ఆకుల మధ్య పిట్టల గొంతు పట్టడం

మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డునున్న సిరొంచ చుట్టుపక్కల అడవిలో పిట్టల కూతలు రికార్డు చేద్దామనుకునేవాళ్లు మొదట మైకు ధర అడుగుతారు. అడగాల్సింది కాళ్లకింద ఏముందని. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రాలిన టేకు ఆకు నేలంతా అప్పడాల్లా పరుచుకుని ఉంటుంది. ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చినా, ఆ చప్పుడే పిట్ట కంటే గట్టిగా పడుతుంది. రికార్డర్‌ను చేత్తో పట్టుకోవద్దు. చెట్టుకు కట్టి, మీట నొక్కి, వంద అడుగులు అవతలికి పోయి కూర్చోండి.

కట్టడంలోనూ కిటుకుంది. మనిషి తలకంటే కాస్త లావు మాను చూసుకుని, దానికి అటొకటి ఇటొకటి చిన్న మైకులు కట్టండి. మాను అడ్డు ఉండడం వల్ల కుడి ఎడమలు విడివిడిగా వినిపిస్తాయి. ప్రైమో కంపెనీ ఈఎం272 క్యాప్సూల్ (మైకులో శబ్దం పట్టే చిన్న ముక్క) చాలు; దాని సొంత బుస, అంటే ఏ చప్పుడూ లేనప్పుడు కూడా అది చేసే హోరు, 14 డెసిబెల్స్, ఫోన్ మైకుల్లో అది ఎక్కువ. ఇప్పచెట్టుకు మాత్రం కట్టకండి. పూలు రాలే కాలంలో తెల్లవారకముందే ఏరేవాళ్లు గంపలతో వస్తారు, వాళ్లకంటే ముందు ఎలుగుబంటి వచ్చినా రావచ్చు.

రికార్డర్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు అని పెట్టుకోండి. స్టీరియోలో గంటకు దాదాపు ఒక జీబీ. ఆటో గెయిన్ (చప్పుడును బట్టి రికార్డింగు మోతాదును యంత్రమే మార్చుకోవడం) ఆపేయాలి: నిశ్శబ్దంగా ఉన్నంతసేపూ అది గెయిన్ పెంచుకుంటూ పోతుంది, ఇంతలో నెమలి అరిస్తే గొంతు చిట్లిపోతుంది. అన్నిటికంటే గట్టి కూత కూడా రికార్డర్ మీటరులో మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి.

గాలికి స్పాంజి తొడుగు చాలదు, బొచ్చు తొడుగు కావాలి. లోకట్ (మరీ లోతైన చప్పుళ్లను కోసేసే మీట) 80 హెర్ట్జ్ దగ్గర పెడితే సరి; మరీ పైకి జరిపితే జెముడుకాకి ‘ఊప్ ఊప్’ పలచబడుతుంది. గొడుగులాంటి డిష్ మధ్యలో మైకు పెట్టే డిష్ మైకుకూ ఈ పిట్టతోనే పేచీ. 55 సెంటీమీటర్ల డిష్ సుమారు 620 హెర్ట్జ్ కంటే కింది అలలను సరిగా కూడగట్టలేదు. సన్నగొంతు పిట్టలకు అది బంగారం, జెముడుకాకికి దండగ.

ఎండాకాలంలో కీచురాళ్ల రొద వేరే తంటా. చిన్న పిట్టల కూతలున్న శ్రుతిలోనే అదీ ఉంటుంది కాబట్టి తర్వాత కంప్యూటర్‌లో తీసేద్దామంటే పిట్ట కూడా పోతుంది. పురుగు ఉన్న మానుకు అవతలి పక్కకు మైకు మార్చడమే మందు.

ప్రాణహిత ఒడ్డున చలికాలం తెల్లవారుజామున గాలి ఉండదు, అదే మంచి వేళ. అదే చెడ్డ వేళ కూడా. నేల దగ్గరి చల్లగాలి దూరపు చప్పుళ్లను కిందికి వంచుతుంది. వంతెన మీది లారీ, పొలం మోటారు, శివరాత్రి రోజుల్లోనైతే కాళేశ్వరం వైపు లౌడ్‌స్పీకర్లు పక్కనే ఉన్నట్టు పడతాయి. మంచుకు మైకు చిటపటలాడితే ఆరోజుకు ఆపేసి, సిలికా జెల్ పొట్లాలున్న స్టీలు డబ్బాలో పెట్టి మూయండి. ఇసుకలో తీతువు మిమ్మల్ని చూసిందా, మీరు పోయేదాకా ఇంకేదీ వినపడనివ్వదు.

పిట్టను రప్పించడానికి దాని కూతే వినిపించవద్దు. అది గూడు వదిలి పోట్లాటకు వస్తుంది. అభయారణ్యంలోకైతే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. తేదీ, వేళ, చోటు, కనబడ్డ పిట్ట పేరు అదే ఫైల్లో నోటితో చెప్పండి, అదీ చివర్లో. మొదట్లో చెబితే పిట్ట ఉండదు.