తాడిపత్రి బండల బండి: 48 వోల్టుల కంట్రోలర్ పని ఎంతవరకు వచ్చింది

బండి ఏదంటే, నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో కోత మిషను దగ్గర్నుంచి పాలిష్ దాకా బండలు మోసే నాలుగు చక్రాల ట్రాలీ. సిరీస్ వైండింగ్ డీసీ మోటారు, మాస్‌ఫెట్లతో (కరెంటును వేగంగా కలిపి తెంపే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) పనిచేసే కంట్రోలర్, ఈ-రిక్షాల్లో వేసే 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు. రెండడుగుల చదరం, అంగుళం మందం బండ ఒక్కోటి 25 కిలోల దాకా తూగుతుంది. 24 బండలు పేరిస్తే 600 కిలోలు. ఇప్పటిదాకా తోలింది అంతే.

ఈ పద్దులో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ రక్షణైనా సరే, కావాలని తప్పు చేసి, అది బండిని ఆపిందని చూశాకే 'అయింది' అని రాయాలి. కంట్రోలర్ పెట్టె మీద అచ్చేసినవన్నీ లోపలున్నాయనుకోవడం తేలిక. కానీ వాటిలో సగం మన వైరింగు మీదే ఆధారపడతాయి.

మెయిన్ కాంటాక్టర్

కాంటాక్టర్ అంటే కాయిల్‌కు కరెంటు ఇస్తే మూసుకుని, తీస్తే తెరుచుకునే పెద్ద స్విచ్; బ్యాటరీ కరెంటు దీని గుండానే కంట్రోలర్‌కు వెళ్తుంది. ముందు దీనికే ఎక్కువ రోజులు పట్టాయి, పట్టాలి కూడా. మాస్‌ఫెట్లు కాలితే చాలాసార్లు షార్టయి కాలతాయి. అప్పుడు పెడల్ వదిలినా మోటారుకు నిండు వోల్టేజీ పోతూనే ఉంటుంది, కంట్రోలర్ తనను తాను ఆపుకోలేదు. ఆపేవి రెండే: కాంటాక్టర్, చేతితో పీకే బ్యాటరీ ప్లగ్గు. అందుకే కాయిల్ కరెంటు తాళం, సీటు స్విచ్, పెడల్ మైక్రో స్విచ్ మూడింటి గుండా వరసగా వెళ్లేలా వేశాం. కాలు తీస్తే కాంటాక్టర్ తెరుచుకుంటుంది. దీనివల్ల కాంటాక్టు ముక్కలు కొంచెం తొందరగా అరుగుతాయి, అరగనీ.

కంట్రోలర్‌కు పోయే తాళం వైరు మాత్రం పెడల్ స్విచ్ గుండా పోకూడదు. పోతే పెడల్ నొక్కాకే కంట్రోలర్ మేలుకుంటుంది. 'పెడల్ ముందే నొక్కి ఉంది' అని తప్పు పట్టి కదలదు.

కాంటాక్టర్ రెండు కొనల మధ్య 250 ఓమ్‌ల రెసిస్టర్ శాశ్వతంగా ఉంది. అది లేకుండా మూస్తే కంట్రోలర్‌లోని ఖాళీ కెపాసిటర్లు ఆ క్షణంలో వందల ఆంపియర్లు లాగుతాయి, కాంటాక్టులు వెల్డయిపోతాయి. రెసిస్టర్ ఉంటే మొదటి లాగుడు 51 వోల్టులకు 0.2 ఆంపియర్ మాత్రమే. ప్లగ్గు పెట్టిన మూడు సెకన్లకు కాంటాక్టర్ కొనల మధ్య తేడా 51 నుంచి 5 వోల్టుల లోపుకు వచ్చింది. 5 వాట్లది సరిపోతుందంటారు గానీ 25 వాట్ల అల్యూమినియం ఒంటి రెసిస్టర్ వేశాం. కారణం కిందే ఉంది.

వెల్డయిందో లేదో మీటరు పెట్టి చూస్తే తెలియదు. కాంటాక్టర్ తెరిచున్నా రెసిస్టర్ గుండా కంట్రోలర్ దగ్గర నిండు వోల్టేజీ కనిపిస్తూనే ఉంటుంది. లారీ ఇండికేటర్లకు వేసే 24 వోల్టుల, 21 వాట్ల బల్బులు రెండు సిరీస్‌లో కట్టి, పెడల్ వదిలి ఉండగా కంట్రోలర్ మీద బ్యాటరీ వైర్లు బిగించే బి ప్లస్, బి మైనస్ కొనల మధ్య ఆనించాలి. ఒక్కసారి తళుక్కుమని ఆరిపోతే కాంటాక్టర్ బాగుంది: ఆ మెరుపు కెపాసిటర్లది, తర్వాత 250 ఓమ్‌ల గుండా వచ్చే కరెంటుకు బల్బు వెలగదు. ఆరకుండా వెలుగుతూ ఉంటే కాంటాక్టులు అతుక్కున్నాయి. పరీక్ష జరిగినంతసేపూ రెసిస్టర్ మీద 10 వాట్ల దాకా పడుతుంది, 5 వాట్లది మాడేది అక్కడే.

ప్లగ్గు పీకాక కెపాసిటర్లను ఖాళీ చేయడానికీ ఇవే బల్బులు. పూర్తిగా ఆరేదాకా స్పానర్ తీయొద్దు.

కరెంటు తీసినప్పుడు కాయిల్‌లో లేచే వోల్టేజీని అణచడానికి కాయిల్‌కు అడ్డంగా ఒట్టి డయోడ్ వేస్తే కరెంటు నెమ్మదిగా చస్తుంది, కాంటాక్టులు బద్ధకంగా విడిపోయి డీసీ ఆర్కు సాగుతుంది. డయోడ్‌కు సిరీస్‌లో కాయిల్ అంత ఓమ్‌ల రెసిస్టర్ కలిపాక కాంటాక్టర్ తెరుచుకునే చప్పుడే మారింది, 'టప్'మని తెగుతోంది.

పెడల్

పెడల్‌కు ఉన్నది 5 కిలో ఓమ్‌ల పాట్, అంటే నొక్కేకొద్దీ ఓమ్‌లు మారే రెసిస్టర్. రెండు రకాలుగా వాడొచ్చు: ఆగినప్పుడు 0, నిండు వేగానికి 5 కిలో, లేదా దానికి తలకిందులు. తడి రాతిపొడి కనెక్టర్‌లోకి దిగితే రెండు పిన్నుల మధ్య లీకేజీ ఏర్పడి ఓమ్‌లు తగ్గుతాయి. మొదటి రకంలో బండి నెమ్మదిస్తుంది. రెండో రకంలో దానంతటదే వేగం పుంజుకుంటుంది. బండల ఫ్యాక్టరీలో ఇంకో ఆలోచన అక్కర్లేదు, మొదటి రకమే. దానికున్న లోటు వైరు తెగడం: తెగితే ఓమ్‌లు అనంతం, కంట్రోలర్ దాన్ని నిండు వేగం అనుకోకుండా, ఏదో తప్పు జరిగిందని గుర్తించి ఆపాలి. చక్రాలు లేపి, తక్కువ వేగంలో కనెక్టర్ పీకాం. ఆగింది. అయింది.

చక్రాలు లేపినప్పుడు పెడల్ పావు భాగం దాటనివ్వొద్దు. సిరీస్ మోటారుకు లోడు లేకపోతే వేగానికి హద్దుండదు, ఆర్మేచర్ (మోటారులో తిరిగే భాగం) తన వైండింగ్‌ను విసిరేస్తుంది.

పెడల్ నొక్కి పట్టుకుని తాళం తిప్పితే కదలకపోవడం, వదిలి మళ్లీ నొక్కితేనే కదలడం: ఇదీ చూశాం, అయింది. కానీ వారం తర్వాత బండి మొరాయించింది. కంట్రోలర్ పోయిందనే అనుకుంటారెవరైనా. పాట్ కొలిస్తే కాలు తీసినప్పుడు ఉండాల్సిన 180 ఓమ్‌ల బదులు 1,400 చూపించింది. స్ప్రింగు కింద రాతిపొడి గట్టిపడి పెడల్ పూర్తిగా వెనక్కి రావడం లేదు. కంట్రోలర్ లెక్కలో అది నొక్కి ఉన్న పెడలే. పొడి గీకేసి, పెడల్ పెట్టెకు రబ్బరు తొడుగు వేశాం.

ఫ్యూజు, కరెంటు

డీసీ కొలిచే క్లాంప్ మీటరు కావాలి, మామూలుది ఏసీ మాత్రమే చూపిస్తుంది. ర్యాంపు మీద లోడుతో మెల్లగా ఎక్కేటప్పుడు బ్యాటరీ వైరులో 60 ఆంపియర్లు, మోటారు వైరులో 230. తప్పు కాదు, మాస్‌ఫెట్ పావు వంతు సేపే ఆన్‌లో ఉంటే మోటారు కరెంటు బ్యాటరీ కరెంటుకు దాదాపు నాలుగింతలు ఉంటుంది. అంటే బ్యాటరీ వైపు ఫ్యూజు మోటారును కాపాడదు. ర్యాంపు మీద బ్రేకుకు బదులు పెడల్‌తో బండిని నిలబెడితే ఫ్యూజు పోదు, కమ్యుటేటర్ (బ్రష్‌లు ఆనే రాగి పట్టీల చుట్టు) మీద బ్రష్ ఆనిన చోటే రాగి కాలుతుంది.

వైరు కొనలకు వేసే లగ్గుల దగ్గర ఒకచోట 150 ఆంపియర్లకు 0.6 వోల్టు పడుతోంది. 90 వాట్ల వేడి ఒక్క బోల్టు మీద. ఆ లగ్గును మళ్లీ క్రింప్ చేయించాం (వైరు మీద నొక్కి బిగించడం).

వేడి

కంట్రోలర్ అడుగున 30 సెంటీమీటర్ల చదరం, 6 మిల్లీమీటర్ల మందం అల్యూమినియం ప్లేటు, మధ్యలో పల్చగా థర్మల్ పేస్టు. మధ్యాహ్నం రెండింటికి బండి నీరసపడితే అది చెడిపోవడం కాదు, వేడి పెరిగేకొద్దీ కంట్రోలర్ కరెంటు పరిమితిని తనే తగ్గించుకుంటోంది. ప్లేటు అడుగున ఎండిన రాతి బురద పొర కట్టింది. కడిగి తుడిచాక అదే ఎండలో అదే లోడు లాగింది.

ఛాసిస్‌కు లీకేజీ

బ్యాటరీ ప్లస్‌కూ ఛాసిస్‌కూ (బండి చట్రం) మధ్య మీటరు 31 వోల్టులు చూపించింది. మీటరు ఇలా ఊరికే కూడా చూపిస్తుంది కాబట్టి 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ అడ్డం పెట్టి చూడాలి. దొంగ వోల్టేజీ అయితే సున్నాకు పడిపోతుంది. ఇక్కడ 9 వోల్టులు నిలిచింది, అంటే సుమారు 24 కిలో ఓమ్‌ల నిజమైన దారి. బ్యాటరీల నెత్తిన యాసిడ్ తేమ, రాతి బురద కలిసి పేస్టులా అంటుకుని ట్రే దాకా కారాయి. కడిగి ఆరబెట్టాక 0.4 వోల్టు. లీకు ఒకచోటే ఉన్నంతవరకు ఏమీ తెలియదు. రెండో వైరు ఛాసిస్‌కు తగిలిన రోజు స్విచ్‌లను దాటేసి కాయిల్‌కు కరెంటు పోవచ్చు. వారానికోసారి కొలవాలి.

మిగిలింది ప్లగ్ బ్రేకింగు. ఇంకా తగ్గించాలి. ముందుకు పోతుండగా వెనక్కి వేస్తే బండి గట్టిగానే ఆగుతోంది గానీ, పై వరస బండలు రెండంగుళాలు జారుతున్నాయి.