రెండేళ్ల తేడా: మా కోడలి వంశం వెతుకులాటలో మూడో నెల

మెల్‌బోర్న్‌లో మా అబ్బాయి ఇంట గడుపుతున్న ఈ మూడు నెలల్లో, మా కోడలి తండ్రివైపు వంశంలో అయిదు తరాలు వెనక్కి వెళ్లి, 1888లో ఇక్కడి కాసిల్‌మెయిన్ ఊళ్లో కన్నుమూసిన ఒక కార్నిష్ (ఇంగ్లండ్ నైరుతి కొసనున్న కార్న్‌వాల్‌కు చెందిన) గనికార్మికుడి దగ్గరికి చేరాను. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో జనన మరణాల ప్రభుత్వ నమోదు 1853 జూలైలో మొదలైంది కనుక, దగ్గరి తరం నుంచి ఒక్కొక్క పత్రమే కొనుక్కొంటూ ఇంతవరకు రాగలిగాను. పేరూ ఊరూ కలిశాయన్న తొందరలో మొదట వేరొకరి మరణపత్రానికి డబ్బు కట్టాను. 1856 నాటి కొడుకు జననపత్రంలో ఉన్న తండ్రి వయసుతో, పుట్టిన చోటుతో సరిచూసుకొన్నాకే రెండోది కొన్నాను.

ఆ రెండో పత్రం ఒక్క పేజీలో ఒక జీవితం. మరణకారణం, జబ్బుపడిన కాలం, తల్లిదండ్రుల పేర్లు, పెళ్లి ఎక్కడ, ఏ వయసులో, ఎవరితో జరిగిందీ, పిల్లల పేర్లూ వయసులూ అన్నీ ఉన్నాయి. తల్లి పుట్టింటి ఇంటిపేరుకు సైతం చోటుంది. మా తాతగారి తల్లి పుట్టింటివారెవరో మా ఇంట నేడు చెప్పగలవారు లేరు. వలసరాజ్యాలలో ఎన్నేళ్లున్నారన్న గడిలో "సౌత్ ఆస్ట్రేలియా 3, విక్టోరియా 36" అని రాసి ఉంది. అంటే 1849 ప్రాంతంలో సౌత్ ఆస్ట్రేలియాలోని బర్రా రాగి గనులకు వచ్చి, 1851లో విక్టోరియాలో బంగారం బయటపడ్డాక ఇటు తరలిన కార్నిష్ వారిలో ఆయన ఒకరన్నమాట. 1850లో బర్రాలో పుట్టిన పెద్దకూతురి నమోదు దొరికింది. సౌత్ ఆస్ట్రేలియా జననపత్రాలలో తల్లిదండ్రుల వయసులు, పెళ్లి వివరాలు ఉండవు కాబట్టి తేదీ తప్ప కొత్తగా తెలిసింది తక్కువే.

అయితే ఆ తేదీయే చిక్కు తెచ్చింది. మరణపత్రం ఆ కూతురికి 36 ఏళ్లంటోంది, లెక్క ప్రకారం 38 ఉండాలి. తండ్రి వయసు 64 అని ఉంది, కొడుకు పుట్టినప్పుడు చెప్పిన 30తో లెక్కిస్తే 62 రావాలి. మరణపత్రంలోని మాటలు పోయినవారివి కావు, సమాచారమిచ్చినవారివి. ఇక్కడ ఆ పని చేసినవాడు కార్న్‌వాల్‌ను ఎన్నడూ చూడని కొడుకు. అందుకే జననపత్రంలోని వయసువైపే మొగ్గుతున్నాను.

1841 ఇంగ్లండ్ జనాభా లెక్కలు తేల్చుతాయనుకొన్నాను గాని, వాటిలో పదిహేనేళ్లు దాటినవారి వయసును దానికి దిగువనున్న అయిదు గుణిజానికి (15, 20, 25 అలా) తగ్గించి రాయమన్నారు. పుట్టింది 1824 అయినా 1826 తొలి నెలల్లో అయినా ఆయన అక్కడ 15గానే కనిపిస్తాడు. ప్రభుత్వ నమోదు ఇంగ్లండ్‌లో 1837లో గాని మొదలుకాలేదు కాబట్టి, వచ్చే వారం కార్న్‌వాల్‌లోని రెడ్‌రూత్ చర్చి బాప్తిస్మ పుస్తకాలు, అక్కడ లేకుంటే మెథడిస్టు ప్రార్థనామందిరాలవి తిరగేయాలి.