కౌలు మాట్లాడుకునే నెలలో మా సీఎస్‌పీ

మా డిగ్రీలో మొదటి ఏడాది పరీక్షలు అవగానే వేసవిలో సీఎస్‌పీ ఉంటుంది. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అన్నమాట. 180 గంటలు, నాలుగు క్రెడిట్లు, లాగ్‌బుక్కు, రిపోర్టు, చివర్లో వైవా. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో డిగ్రీ సిలబస్ మారినప్పటి నుంచి బీఏ అయినా బీకాం అయినా ఇది చేయక తప్పదు. చాలామంది ఎలా కానిచ్చేస్తారో చదివినవాళ్లకి తెలిసిందే. సీనియర్ల దగ్గర పాత రిపోర్టు తెచ్చుకోవడం, ఊరి పేరు మార్చడం, జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించడం. మొక్క నాటుతున్న ఫొటో ఒకటి, చీపురు పట్టుకున్న ఫొటో ఒకటి తప్పనిసరి.

మా బ్యాచ్‌లో నలుగురం. నాకు తప్ప మిగతా ముగ్గురికీ ఇంట్లో ఎవరో ఒకరు కౌలుకి చేసినవాళ్లే. అందుకే మేడం టాపిక్ అడగ్గానే కౌలు రైతులు అనేశాం. క్లాసులో విన్న లెక్క కూడా ఒకటి బుర్రలో ఉండిపోయింది: 2019 నాటి 77వ జాతీయ నమూనా సర్వే ప్రకారం కౌలు కమతాల వాటా దేశం మొత్తం మీద 17 శాతం చిల్లర ఉంటే, మన రాష్ట్రంలో 42 శాతం పైమాటే. దేశంలో మనదే పైచేయి. గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకి ఇదేం వింత కాదు. భూమి ఉన్నవాళ్లు రాజమండ్రిలోనో హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు, చేలో దిగేవాళ్లు ఊళ్లో ఉంటారు.

2023 మే నెల. తాడేపల్లిగూడెం వైపు ఒక ఊరు. పేరు రాయను, ఎందుకో ముందు ముందు మీకే అర్థమవుతుంది.

అనుమతుల సంగతి తేలిగ్గానే తెమిలింది. కాలేజీ లెటర్ పట్టుకుని గ్రామ సచివాలయానికి వెళ్తే కార్యదర్శి గారు సంతకం చేసి, లాగ్‌బుక్‌లో స్టాంపు వేయించుకోవాలంటే సాయంత్రం నాలుగులోపు రమ్మన్నారు. అక్కడి నుంచి రైతు భరోసా కేంద్రానికి వెళ్లాం. అక్కడ వ్యవసాయ సహాయకుడు మాకన్నా నాలుగైదేళ్లు పెద్దవాడేమో, ఓపిగ్గా కంప్యూటర్ తెరిచి సీసీఆర్‌సీ కార్డులున్నవాళ్ల జాబితా చూపించాడు. సీసీఆర్‌సీ అంటే పంట సాగుదారు హక్కు పత్రం, ఊళ్లో కౌలు కార్డు అంటారు. జాబితాలో ఉన్న పేర్లు రెండు చేతుల వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఊళ్లో కౌలు చేసేవాళ్లెంతమంది ఉంటారండీ అని అడిగితే నవ్వాడు. "భూమి ఉండి సొంతంగా చేసేవాళ్లెంతమందో అడగండి, అది చెప్పడం తేలిక" అన్నాడు.

కాలేజీ ఇచ్చిన ప్రశ్నాపత్రం నాలుగు పేజీలు. కుటుంబంలో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా, రేషన్ కార్డు ఉందా, వార్షికాదాయం ఎంత. ఈ వరసలో అడిగితే ఏ ఇంట్లోనైనా ముందుగా పుట్టేది భయమే. "మా బియ్యం కార్డు తీసేత్తారా ఏంటమ్మా?" అని ఒకామె గుమ్మంలోనే ఆపేసింది. ఇంకో ఇంట్లో పెద్దాయన మా లెటర్ మీద ముద్ర చూసి, పింఛన్ తనిఖీకి వచ్చామనుకుని, తనకి నడుం పట్టేసిందని చూపించడం మొదలెట్టారు. పాపం, ఆయన చేలో నుంచి అప్పుడే వచ్చారు, కాళ్లకి బురద ఇంకా ఆరలేదు.

మరుగుదొడ్డి, రేషన్ కార్డు ప్రశ్నలు వెనక్కి నెట్టేశాం. ముందుగా అడిగేది ఒకటే: దాళ్వా ఎలా వచ్చిందండీ? దాళ్వా అంటే వేసవిలో కోతకొచ్చే రెండో పంట వరి. ఆ మే నెలలో అంతకు మించిన మాట ఇంకోటి లేదు. ఏప్రిల్ ఆఖరులో, మే మొదట్లో పడ్డ అకాల వర్షాలకి కోసిన ధాన్యం కోసినచోటే తడిసింది. రోడ్డు పొడుగునా ఒక పక్కంతా ధాన్యం రాశులు, వాటి మీద బరకాలు, బరకాల మీద రాళ్లు. ఎండ వస్తే బరకం తీసి కాళ్లతో తిరగదోయడం, మబ్బు పడితే మళ్లీ కప్పడం. ఒకాయన గుప్పెడు గింజలు తీసి నా చేతిలో పోశారు. వెచ్చగా ఉన్నాయి, ముక్క వాసన. కొన్ని గింజల మూతి దగ్గర సూది మొనంత తెల్లటి మొలక. "ఇది చూపిత్తే మిషనెట్టకుండానే వద్దంటారమ్మా" అన్నారు. మిషను అంటే తేమ కొలిచేది, ప్రభుత్వ కొనుగోలుకి తేమ 17 శాతం దాటకూడదు.

ఇక అసలు సంగతి. మేం మాట్లాడినవాళ్లు రెండు రకాలుగా తేలారు, ఆ తేడా వయసుదీ కాదు, చదువుదీ కాదు. ఒక రకం వాళ్లు ఏం అడిగినా "అంతా బానే ఉందమ్మా, మా ఆసామి దేవుడు" అనేవారు. ఆసామి అంటే భూయజమాని. రెండో రకం వాళ్లు కూర్చోబెట్టి మరీ లెక్కలు చెప్పేవారు. ఇదేంటో కొన్నాళ్లు అంతుబట్టలేదు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి వాళ్ల నాన్న చెప్పాడు: దాళ్వా కోతలయ్యాక, సార్వా (తొలకరి పంట) నారుమళ్లు పోసేలోపు, ఆ ఊళ్లో కౌలు మాట్లాడుకునేది ఈ నెలలోనే. వచ్చే ఏటికి చేను ఖాయమైనవాడు నోరు విప్పుతాడు. ఇంకా తేలనివాడు విప్పడు. పక్కనోడు ఎకరానికి రెండు బస్తాలు ఎక్కువిస్తానంటే చేను చేతులు మారిపోతుంది. రాతకోతలు ఏమీ ఉండవు, అంతా నోటిమాటే. అలాంటప్పుడు కాలేజీ పిల్లలకి ఆసామి గురించి ఏదో చెప్పాడని ఆయన చెవిన పడితే?

అది తెలిశాక మేం అడిగే క్రమం మారింది. ముందు "వచ్చే ఏటికి కుదిరిందా అండీ" అని కనుక్కునేవాళ్లం. కుదరలేదంటే వర్షం గురించీ మిల్లు గురించీ మాట్లాడి వచ్చేయడం, కుదిరాక మళ్లీ వెళ్లడం. రామాలయం అరుగు మీద, టీ కొట్టు దగ్గర కౌలు మాట ఎత్తలేదు. అక్కడ ఎవరో ఒక ఆసామి బంధువు ఉండనే ఉంటాడు. గట్టు మీద, లేకపోతే ధాన్యం రాశి పక్కన. ఫోన్‌లో రికార్డు చేస్తామంటే గొంతు మారిపోయేది కాబట్టి ఒకరం మాట్లాడితే ఒకరం రాసుకునేవాళ్లం. రాసింది రాత్రికే సాపు చేసుకోకపోతే మర్నాటికి సగం అర్థం కాదు.

మూడెకరాలు చేసే ఒక బాబాయిగారి లెక్క ఇక్కడ పెడతాను. దాళ్వాలో ఎకరానికి 42 బస్తాలు పండింది. బస్తా అంటే 75 కేజీలు. ఈ పంటకి ఆసామికి కొలవాల్సింది 18. మిగిలింది 24. ఆ ఏడు సాధారణ రకం మద్దతు ధర క్వింటాకి 2,040 రూపాయలు, అంటే బస్తా 1,530. ఆ లెక్కన ఎకరానికి 36,720 చేతికి రావాలి. దమ్ము, ఊడ్పు, ఎరువులు, పురుగుమందు, కోత మిషను కలిపి 32,000 అయ్యింది. తడిసిన ధాన్యం కాబట్టి వ్యాపారికి బస్తా 1,350కి వేశారు. 24 బస్తాలకి 32,400. పెట్టుబడి పోను ఎకరానికి మిగిలింది 400 రూపాయలు. ఆయనా వాళ్లావిడా అన్నాళ్లు చేసిన పనికి కూలి ఈ లెక్కలో లేదు. నేను నోట్సులో రెండుసార్లు తీసివేత చేసి చూసుకున్నాను. ఆయన మాత్రం వేలు కూడా మడవకుండా నోటితో చెప్పేశారు.

అప్పు ఎంతుందండీ అంటే "ఉంటాదమ్మా కొద్దిగా" అని ఆపేశారు. లోపల బియ్యం చెరుగుతున్న పిన్నిగారు చేట పక్కన పెట్టి బయటికొచ్చారు. డ్వాక్రాలో ఇంత, బ్యాంకులో గాజులు పెట్టి ఇంత, ఎరువుల కొట్టులో అరువు ఇంత, బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇంత. ఏది ఏ నెలలో కట్టాలో, ఏ వస్తువు ఏ రసీదు మీద ఉందో ఆవిడకి కంఠతా వచ్చు. నెలకి నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. ఎరువుల కొట్టుకి వడ్డీ వేరే ఉండదట, కాకపోతే ధాన్యం ఆ కొట్టాయన చెప్పినవాడికే వేయాలి, ఆయన చెప్పిన ధరకే వేయాలి. 1,350 ఎలా వచ్చిందో అప్పుడు అర్థమైంది. తేమ ఒక్కటే కారణం కాదు. ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ అప్పుల పేజీ ఆడవాళ్లనే అడిగాం.

వ్యవస్థ ఎక్కడ బిగుసుకుందో చూడాలంటే కార్డు దగ్గరికి రావాలి. 2011లో వచ్చిన చట్టం ప్రకారం కౌలు రైతుకి రుణ అర్హత కార్డు ఇవ్వడానికి భూయజమాని సంతకం అక్కర్లేకపోయేది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాక సంతకం ఉండాలి, కార్డు 11 నెలలే చెల్లుతుంది. కార్డు లేకపోతే ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, పంట తన పేరు మీద ఎక్కడం కష్టం. ఆసామి పేరు మీద ఎక్కితే కొనుగోలు కేంద్రంలో అమ్మిన ధాన్యం డబ్బులు ఆసామి ఖాతాలో పడతాయి, ఆయన తీసిచ్చేదాకా ఆగాలి. పీఎం కిసాన్ ఆరు వేలు ఎలాగూ భూమి ఉన్నవాళ్లకే. అప్పటి రైతు భరోసా 13,500 కౌలు రైతుకి వచ్చేది గానీ కార్డుండాలి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ అయ్యుండాలి. ఓసీ కౌలు రైతు అయితే కార్డున్నా వచ్చేది కాదు.

ఒకవైపు మాటే విని రిపోర్టు రాయకూడదని మేడం పట్టుబట్టడంతో ఆసాముల్ని కూడా కలిశాం. తాడేపల్లిగూడెంలో ఉండే ఒక రిటైర్డు మాస్టారు ఇంటికి వెళ్తే కాఫీ ఇచ్చి, మేం అడక్కముందే చెప్పారు: "సంతకం పెట్టడానికి నాకేం పోయిందమ్మా? రేపు వాడు కోర్టుకెళ్తే?" ఆయన భయం గాల్లోంచి పుట్టింది కాదు. 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టంలో కౌలు గడువు కనీసం ఆరేళ్లు. ఊళ్లో ఎవరో, ఎప్పుడో అలా భూమి ఇరుక్కున్న కథ ప్రతి ఆసామికీ ఒకటి తెలుసు. 2019 చట్టం ప్రకారం ఈ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదు. ఆ ముక్క ఉన్న కాగితం చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. తర్వాత రెండో కారణం బయటికొచ్చింది. పాసుపుస్తకం మీద పంట రుణం ఆయనే తీసుకుంటున్నారు. లక్షలోపు రుణం గడువులో కట్టేస్తే అప్పట్లో సున్నా వడ్డీ. ఒకే చేను మీద బ్యాంకు ఇద్దరికి అప్పివ్వదు. పంట పండించేవాడు 24 శాతానికి తెస్తుంటే పంట రుణం ఇంకొకరి ఇంట్లో ఉంది. మాస్టారు చెడ్డవాళ్లేం కాదు. తుపాను ఏడాది కౌలు సగం వదిలేశారని ఆయన కౌలు రైతే మాకు చెప్పాడు. ఆ మాట చెప్పేనాటికి అతనికి చేను ఖాయమైపోయింది కూడా, అందుకే నమ్మాను.

ప్రాజెక్టులో అవగాహన కార్యక్రమం ఒకటి చేయాలి. సచివాలయం దగ్గర షామియానా వేసి, వ్యవసాయ సహాయకుడితో కార్డు గురించి చెప్పించాం. కౌలు రైతులు వచ్చారు, వెనక నిలబడ్డారు, ఒక్కరూ ప్రశ్న అడగలేదు. ముందు కుర్చీల్లో ఆసాములు కూర్చుంటే ఎవరడుగుతారు? ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి. మర్నాడు ఉదయం పాల కేంద్రం దగ్గర, క్యాన్లతో నిలబడ్డ చోట అడిగినన్ని ప్రశ్నలు ఆ మీటింగులో అడిగి ఉంటే లాగ్‌బుక్కు నిండిపోయేది.

రిపోర్టు రాసేటప్పుడు పెద్ద తగువే అయ్యింది మా నలుగురిలో. కాపీ ఒకటి సచివాలయంలో ఇవ్వాలి. పేర్లు తీసేసి ఆర్-1, ఆర్-2 అని రాస్తే సరిపోతుందని ఇద్దరు. ఊళ్లో అది చాలదని ఇద్దరు. లాకుల కింద మూడెకరాలు, ఇద్దరు ఆడపిల్లలు అని రాస్తే చాలు, చదివినవాడు ఇంటి నంబరుతో సహా చెప్పేస్తాడు. చివరికి ఎకరాలు, చేను ఉన్న చోటు, పిల్లల వివరాలు తీసేశాం. ఆసామి గురించి చెప్పిన మాటలు ఎవరివో తెలియకుండా ఒకచోట కలిపి రాశాం. ఇక్కడ బాబాయిగారి లెక్కలోనూ ఒకటి రెండు వివరాలు మార్చాను, అంకెలు మాత్రం మార్చలేదు.

వైవాలో బయటి నుంచి వచ్చిన సార్ శాంపిల్ ఎంత, పై చార్టు (గుండ్రటి బొమ్మ) ఏది అని అడిగారు. పై చార్టు ఉంది, మరుగుదొడ్ల మీద. అది చూసి తల ఊపారు. తర్వాత పేజీలు తిప్పుతూ అప్పుల పట్టిక దగ్గర ఆగి, "ఇది ఎవరు చెప్పారు, ఇంత వివరంగా?" అన్నారు. ఆడవాళ్లండీ అన్నాను. ఆయనదీ డెల్టా ఊరేనట, ఇంకేం అడగలేదు.

ఆ సార్వాకి బాబాయిగారికి కార్డు వచ్చింది. ఆయన ఆసామి సంతకం పెట్టారు, బ్యాంకు లోను జోలికి వెళ్లనని ముందుగా మాట తీసుకుని. కాబట్టి పంట బాబాయిగారి పేరు మీద ఎక్కింది, ధాన్యం డబ్బులు ఆయన ఖాతాలోనే పడతాయి. ఎరువులు మాత్రం మళ్లీ ఆ కొట్టులోనే అరువుకి తెచ్చారు.