పొట్ట మీద నోటుపుస్తకం

ఫుట్‌బాల్ జట్టులో చేరిన మొదటి రోజు బంతి ఇస్తారని ఎదురుచూశాం. పీఈటీ మాస్టారు ఇవ్వలేదు. గడ్డి మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, తలా ఒక నోటుపుస్తకం పొట్ట మీద పెట్టించారు. "ముక్కుతో గాలి పీల్చండి. పుస్తకం లేవాలి, భుజాలు లేవకూడదు."

నా పుస్తకం కదలనే లేదు. ఛాతీ మాత్రం ఎగిసెగిసి పడుతోంది. మాస్టారు పక్కన కూర్చుని, నా కింది పక్కటెముకల మీద రెండు చేతులూ ఆనించి, "ఇక్కడిదాకా రానీ నాన్నా" అన్నారు. నాలుగైదు ఊపిర్లకు అట్ట కాస్త లేచింది. ఆ కదలిక నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

పొట్ట బలమంటే పలకలు తేలిన కండలే అనుకునే వయసు మాది. ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండే డయాఫ్రం పైకప్పు, కటి అడుగు కండరాలు నేల, నడుము చుట్టూ పట్టీలా ఉండే కండరం గోడ అని ఆయన మట్టిలో గీసి చూపించారు. గాలి పీలిస్తే కప్పు కిందికి దిగుతుంది. అప్పుడు గోడ బిగిస్తే లోపలి ఒత్తిడి వెన్నుకు ఆసరా అవుతుంది. ఒంటికాలి మీద నిలబడి రెండో కాలితో తన్నే ఆటకు ఆ ఆసరా ఎంత అవసరమో ఆడినవాళ్లకే తెలుస్తుంది.

ప్లాంక్ అంటే మోచేతులు, కాలివేళ్ల మీద ఆని ఒళ్లంతా పలకలా తిన్నగా పట్టి ఉంచడం. అందులో మా అందరిదీ ఒకటే తప్పు, ఊపిరి బిగబట్టడం. అందుకే అంకెలు పైకి లెక్కపెట్టించేవారు. గొంతు పలుకుతుంటే ఊపిరి ఆగదు. నడుము జారిందా, అక్కడితో ఆపమనేవారు. నిమిషాల పందేలు ఆయనకు గిట్టేవి కావు. చాలా ఏళ్లకు, ఆటగాళ్లకు గాయాలు తగ్గించేందుకు ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా తయారుచేసిన '11 ప్లస్' వార్మప్ చూశాను. అందులో కదలకుండా పట్టే ప్లాంక్ 20 నుంచి 30 సెకన్లే, మూడుసార్లు. మాస్టారే గుర్తొచ్చారు.

పరుగులో మాత్రం నోరు తెరవమనే చెప్పేవారు. ముక్కుతోనే పీల్చాలన్న పట్టుదల అక్కడ పనికిరాదు. బంతి గీత దాటి బయటికి వెళ్లిన ప్రతిసారీ ఒక్క పొడవాటి ఊపిరి వదలాలి, అంతే. రెండో సగంలో కాళ్లు బరువెక్కినప్పుడు నన్ను నిలబెట్టింది ఆ అలవాటే.

ఇప్పుడు వారానికి రెండు సాయంత్రాలు నేనూ పిల్లలకు నేర్పుతున్నాను. అందరూ ప్లాంక్‌లో ఉండి గట్టిగా లెక్కపెడుతుంటారు. పన్నెండు దగ్గర ఎవరి గొంతు ఆగిపోతే వాళ్ల పక్కన వెళ్లి కూర్చుంటాను.