మూకుడులో పోసిన నూనె

బరువు తగ్గడానికి కీటో (పిండిపదార్థాలు బాగా తగ్గించి, కొవ్వు ఎక్కువగా తినే ఆహార పద్ధతి) మొదలుపెట్టి రెండు నెలలు. గుడ్లు, పనీర్, చికెన్ అన్నీ తూచి రాసుకుంటున్నాను. పిండిపదార్థాలు రోజుకు 25 గ్రాములు దాటనివ్వలేదు. అయినా మూడు వారాలుగా బరువు కదల్లేదు. చాలా టెన్షన్ పడ్డాను.

నిన్న అమ్మ దొండకాయ వేపుడు చేస్తుంటే నూనె గిన్నెను ముందోసారి, తర్వాతోసారి కాటా మీద పెట్టి చూశాను. 42 గ్రాములు తగ్గింది! నేను రోజూ రాసుకుంటున్నది ఒక్క టీస్పూను, అంటే 5 గ్రాములు. సగం అమ్మ తిన్నా నా వాటా 21. గ్రాముకు 9 కేలరీల చొప్పున 189 కేలరీలు, ఒక్క కూరలోనే. దొండకాయ మూకుడులో ఏమీ మిగల్చకుండా పీల్చేసుకుంది.

కీటోలో కొవ్వు ఎంతైనా తినొచ్చని ఇన్నాళ్లూ నమ్మాను. శక్తి కొవ్వు నుంచే రావాలి, నిజమే. కానీ పళ్లెంలోనే అంత కొవ్వుంటే ఒంట్లోది కరగాల్సిన అవసరం ఏముంటుంది?

చికెన్ వేయించినప్పుడు మాత్రం అడుగున మిగిలిన నెయ్యిని వంపి, తూచి, లెక్కలోంచి తీసేస్తున్నాను. అందులో మాంసం నుంచి కరిగిన కొవ్వు కూడా కలుస్తుంది కాబట్టి అది సుమారు లెక్కే.

ఈ రోజు అమ్మే కాటా ఆన్ చేసి, "ఎంత పోయమంటావే?" అని అడిగింది. 20 చాలన్నాను. మూత పెట్టి సన్నని సెగ మీద మగ్గించింది. వేపుడు కాస్త మెత్తబడింది, కానీ ఇద్దరం ఇష్టంగా తిన్నాం.